గెనిమ లేని హద్దు

తెల్లవారుజామున, కొండల మీద ఇంకా వెలుగు పడకముందు, ఆన్ చేసిన కంప్యూటరు కొన్ని క్షణాలు ఏమీ తెలియని స్థితిలో ఉంటుంది. తనలో ఏ ఫైళ్లున్నాయో, ఏ భాషలో మాట్లాడాలో, తనను వాడేవాళ్ల పేరేమిటో దానికి తెలియదు. మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్పులో రాసిపెట్టిన కాసిన్ని సూచనలు తప్ప దానికి వేరే ఆధారం లేదు. వాటిని పట్టుకుని ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా అని చూసుకుంటుంది. తరువాత వెతికేది ఒక్కటే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని.

ఆ కొన్ని క్షణాల మీద నాకు చాలాకాలంగా ఒక కుతూహలం. అంత పెద్ద యంత్రం, అంత చిన్న ఆసరాతో ఎలా లేస్తుంది?

పాత యంత్రాల్లో ఆ సూచనలను బయాస్ అంటారు. ఆ పద్ధతిలో యంత్రం చూసేది డిస్కులోని మొట్టమొదటి సెక్టారును. అందులో ఉండేవి 512 బైట్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూనికోడ్ రూపంలో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన మొదటి సెక్టారులో 170 గుర్తులకు మించి పట్టవు. క్షేమసమాచారాలు అడిగి, ఊళ్లో వాన పడిందని రాసేసరికి అయిపోతుంది.

ఆ కాస్త చోటులోనే మూడు పనులున్నాయి. మొదటి 446 బైట్లలో లేవడానికి కావలసిన చిన్న ప్రోగ్రాము. తరువాతి 64 బైట్లలో, డిస్కును ఎన్ని భాగాలుగా చేశారో, ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతదూరం పోతుందో చెప్పే పట్టిక. చివరి రెండు బైట్లు ఒక ముద్ర. ఆ ముద్రను ఒకట్లు, సున్నాలుగా విడదీసి చూస్తే సున్నా, ఒకటి, సున్నా, ఒకటి అని ఒకదాని తరువాత ఒకటిగా సాగి, సగంలో వరుస తిరగబడి ఒకటి, సున్నా, ఒకటి, సున్నా అవుతుంది. యంత్రం అడిగే ఆనవాలు అంతే. ఆ రెండు బైట్లు ఉంటే నమ్ముతుంది, ముందున్న ప్రోగ్రాము ఏం చేస్తుందో విచారించకుండా పగ్గాలు దాని చేతికిచ్చేస్తుంది. అవి లేకపోతే, మిగతా డిస్కు నిండా ఎంత విలువైనది ఉన్నా, ఇందులో లేవడానికి ఏమీ లేదని ముందుకు పోతుంది.

ఇంత త్వరగా నమ్మడం అమాయకత్వమా? కావచ్చు. ఆ నమ్మకాన్ని వాడుకునే వైరస్‌లు పుట్టాయి, తరువాత వచ్చిన యంత్రాలకు సంతకాలు పరిశీలించే సెక్యూర్ బూట్ అనే కాపలా పెట్టారు. అయినా ఎంత కాపలా పెట్టినా ఎక్కడో ఒకచోట పరిశీలన ఆగి నమ్మకం మొదలు కావలసిందే. ఆ చోటు లేకుండా లేవగలిగినది ఏదైనా ఉందా అని ఆలోచిస్తాను. నాకు తట్టదు.

మా సోమల చిన్న ఊరు. ఇక్కడ కంప్యూటరు పాడైతే పుంగనూరుకో, మదనపల్లెకో తీసుకుపోవాలి. టమోటా గంపలు వెళ్లే దారిలోనే ల్యాప్‌టాప్ సంచి కూడా వెళుతుంది. అక్కడి దుకాణాల్లో ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి పంపిస్తారు. అంత దూరం ఎందుకని కొందరు పిల్లలు మా ఇంటి అరుగు మీదికి వస్తారు. "తాతా, ఆన్ అవతా ఉంది గానీ లోపలికి పోతాలేదు" అంటారు. ఆ మాటలో జబ్బంతా ఉంటుంది. కరెంటు వస్తోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది. లోపలికి పోయే దారి మాత్రం దొరకడం లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసరు కూడా ఓ మాదిరి కొత్తది కావాలి. దానితో ఏ లోపమూ లేని ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఒక్క రోజులో పాతవైపోయాయి. అన్న ఇంజనీరింగు చదివినప్పుడు కొన్నది, ఇప్పుడు చెల్లెలు డిగ్రీకి వాడుతున్నది, ఇలాంటివి. వాటికి విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తాయి. అందుకు ముందుగా ఒక పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేయాలి, అంటే కంప్యూటరు దాని మీద నుంచే లేవగలిగేలా దాన్ని సిద్ధం చేయాలి.

ఈ పని చేసేటప్పుడల్లా నా మనసు పొలాల మీదికి పోతుంది. డిస్కును భాగాలు చేయడమంటే మడికి అడ్డంగా గెనిమ వేయడం అని మొదట్లో అనుకునేవాణ్ణి. కొంతకాలానికి ఆ పోలిక సరిగా కుదరలేదనిపించింది. గెనిమ వేస్తే మట్టి కదులుతుంది, నీళ్లు ఆగుతాయి, కాలికి ఎత్తు తగులుతుంది. పెన్‌డ్రైవ్‌లో అలాంటిదేమీ జరగదు. లోపల ఎక్కడా గీత పడదు. మొదటి సెక్టారులోని పట్టికలో పదహారు బైట్ల ఒక వరుస మారుతుంది, అంతే. అది గెనిమ కాదు, అడంగల్‌లో ఒక పద్దు. ఫలానా సర్వే నంబరు ఫలానా చోట మొదలై ఇంత విస్తీర్ణం అని రాసుకోవడం.

ఆ వరుసలో ఏముంటుందో చూస్తే ముచ్చటేస్తుంది. ఈ భాగం నుంచి లేవవచ్చా లేదా అని చెప్పే ఒక బైటు. లోపల ఏ పద్ధతిలో సర్దారో చెప్పే ఒక బైటు. ఎన్నో సెక్టారులో మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లు పోతుంది అనే రెండు అంకెలు. ఇవిగాక తిరిగే పళ్లేల కాలం నాటి సిలిండరు, హెడ్ లెక్కలు కూడా ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో తిరిగే పళ్లెమూ లేదు, చదివే సూదీ లేదు. ఆ గళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, ఏదో ఒక అంకె వేసి నింపుతూనే ఉన్నారు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0 నాటి ఏర్పాటు ఇది. దస్తావేజుల్లో ఎండిపోయిన బావుల పేర్లతో హద్దులు చెప్పడం మా వైపు కొత్త కాదు కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

ఇంకొంచెం లోతుకు పోతే ఆ అంకెలూ కదులుతాయి. పెన్‌డ్రైవ్‌లోని ఫ్లాష్ చిప్పులో రాసినదాని మీదే నేరుగా మళ్లీ రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద తుంట మొత్తాన్ని చెరపాలి. ఒకేచోట పదేపదే చెరిపితే అది అరిగిపోతుంది. అందుకని లోపలి కంట్రోలరు రాతను ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పెడుతూ, ఎక్కడ పెట్టిందో తన సొంత లెక్క ఉంచుకుంటుంది. పట్టిక 2048వ సెక్టారు అంటే, అది నిజంగా చిప్పులో ఏ మూల ఉందో పట్టికకు తెలియదు. పద్దు కింద ఇంకో పద్దు. అన్నిటి కిందా నేల అంటూ ఒకటి ఉందని మాత్రం నమ్మాలి.

మా నేల పద్దులూ ఇలాగే మారుతూ వచ్చాయి. పుంగనూరు ఒకప్పుడు జమీందారీ. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టంతో జమీందారీలు రద్దయి, రైత్వారీ వచ్చింది. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉండేది. ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లాలో కలిపారు. ఇన్ని మార్పులలోనూ మదనపల్లె దగ్గరి కొండలైన హార్స్‌లీ హిల్స్ అంగుళం జరగలేదు. జరిగినదంతా కాగితం మీదే. అలాగని కాగితాన్ని తేలిక చేయడానికి మనసు ఒప్పుకోదు. కాగితం మీద పేరు లేని రైతుకు అప్పు పుట్టదు. నేల నిజం, పద్దు కల్పన అని చెప్పేయడం అరుగు మీద కూర్చున్నవాడికి సులువు. ఆఫీసు ముందు నిలబడినవాడికి ఆ మాట వినిపించదు.

డిస్కులోనూ అంతే. పద్దు లేకపోతే యంత్రానికి నేల కనిపించదు.

విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే పాత పనిముట్టు ఉంది. నల్ల తెర మీద ఆదేశాలు ఒక్కొక్కటే కొట్టాలి. డిస్కులు చూపమనాలి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి, ఆ తరువాత క్లీన్ అనాలి. ఎంటర్ కొట్టిన క్షణంలో పని అయిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లకు అనుమానం వస్తుంది, ఇన్ని ఫొటోలు, ఇన్ని సినిమాలు, అన్నీ ఇంత త్వరగా ఎలా పోయాయని. అవేవీ పోలేదు. పోయింది పద్దు ఒక్కటే. పెళ్లి ఫొటోలు పెట్టినచోటే ఉన్నాయి, అవి ఉన్నాయని చెప్పే వరుస లేదు. టెస్ట్‌డిస్క్ వంటి ప్రోగ్రాములు ఆ నేలంతా నడిచి, పాత హద్దుల ఆనవాళ్లు వెతికి, పట్టికను తిరిగి రాయగలవు. కొత్తది ఏదీ వాటి మీద రాయనంతవరకే ఆ అవకాశం.

మరచిపోవడం కూడా ఇటువంటిదేనా అని ఒక్కోసారి అనుకుంటాను. చిన్ననాటి ఒక వాసన ఎక్కడి నుంచో వచ్చి తాకితే, నలభై ఏళ్లుగా గుర్తుకురాని ఇల్లు గదులతో సహా లేచి నిలబడుతుంది. అది ఎక్కడికీ పోలేదన్నమాట. దారి చెప్పే వరుస చెరిగిపోయిందంతే. అయితే అందరి విషయంలో ఇలాగే జరుగుతుందా? కొందరు పెద్దవాళ్లు కన్నబిడ్డ ముఖాన్ని చూసి ఎవరని అడుగుతారు. అక్కడ పోయింది పద్దా, నేలా? ఎవరు చెప్పగలరు.

హద్దుల మాట వస్తే తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గుర్తొస్తాడు. మదనపల్లెలో 1895లో పుట్టిన ఆయన జీవితమంతా విభజనల గురించే మాట్లాడాడు. జాతి, మతం, నేను, నువ్వు, చూసేవాడు, చూడబడేది, ఈ గీతలన్నీ ఆలోచన గీసినవేననీ, ఘర్షణ అక్కడే పుడుతుందనీ ఆయన చెబుతూ వచ్చాడు. తన చుట్టూ కట్టిన నక్షత్ర సంఘాన్నే 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది సభ్యులుండగా, రద్దు చేసేశాడు. ఆ సంఘం ఆయన్ను అధిపతిగా పెట్టుకున్నది. ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. మా భాషలో చెప్పాలంటే, పట్టిక మొత్తం క్లీన్ కొట్టేశాడు.

గీతలు గీసే పని చేసుకుంటూ ఆయన్ను తలచుకోవడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. భాగాలు చేయని పెన్‌డ్రైవ్ నుంచి కొన్ని యంత్రాలు లేవవు. ఒక హద్దు, దానికొక మొదలు, ఇక్కడ నుంచి లేవవచ్చు అనే గుర్తు కావాలి. మనిషికి అవి అవసరం లేదా? పేరు లేకుండా, ఊరు లేకుండా, ఇది నాది అన్న చిన్న గుర్తు కూడా లేకుండా పొద్దున్నే మంచం దిగగలమా? పని జరగడానికి కావలసిన గీతలు వేరు, మనసులో పాతుకుపోయిన గీతలు వేరు అని ఆయన ఒప్పుకునేవాడనే అనుకుంటాను. నడవడానికి దారి పేరు తెలియాలి, దాన్ని ఆయన ఎప్పుడూ కాదనలేదు. చిక్కంతా ఏమిటంటే, గీసేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఇది కేవలం పద్దు అని గుర్తుండే గీత ఎప్పుడు గోడ అవుతుందో గీసినవాడికి తెలియదు. నాకైతే తెలిసినట్టు గుర్తు లేదు.

ఆయన ఆలోచనలతో మదనపల్లె దగ్గర నడుస్తున్న రిషి వ్యాలీ బడిలో అస్తాచలం అనే అలవాటు ఉంది. సాయంత్రం పిల్లలంతా కూర్చుని, మాటలు లేకుండా సూర్యాస్తమయాన్ని చూస్తారు. గంట కొట్టి, వేళ పెట్టి, చోటు చూపించి, నిశ్శబ్దానికి కూడా ఒక హద్దు కట్టారన్నమాట. హద్దులు వద్దన్న మనిషి బడిలో అది నాకు తప్పుగా తోచదు. కాస్త నవ్వు వస్తుంది, దానితో పాటు ధైర్యమూ వస్తుంది.

పెన్‌డ్రైవ్ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎంటర్ కొట్టేముందు ఆగే ఆ కాస్త వ్యవధి. లైనక్స్‌లో డిస్కులకు పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి. ఇంట్లోవాళ్ల పదేళ్ల జీవితం ఉన్న డిస్కుకూ, ఖాళీ పెన్‌డ్రైవ్‌కూ మధ్య తేడా చివర ఒక్క అక్షరం. డీడీ అనే ఆదేశం ఏమీ అడగదు, హెచ్చరించదు. చెప్పిన చోట చెప్పింది రాసుకుంటూ పోతుంది. డిస్కును నాశనం చేసేది అని దానికి ప్రపంచమంతటా ఒక ముద్దుపేరు ఉంది. బూటబుల్ చేయడానికి వాడే రూఫస్ వంటి ప్రోగ్రాములు కొంత దయగలవి, డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందని ముందుగా చెబుతాయి. అయితే ఆ హెచ్చరిక ప్రతిసారీ వస్తుంది గనుక ఎవరూ చదవరు.

పేరును నమ్మలేం కాబట్టి పరిమాణాన్ని చూసి పోల్చుకోవాలి. అట్ట మీద 16 జీబీ అని రాసి ఉన్నది తెర మీద 14.9గా కనబడుతుంది. మోసమేమీ లేదు. అమ్మేవాళ్లు వేయి చొప్పున లెక్కపెడతారు, యంత్రం 1024 చొప్పున లెక్కపెడుతుంది. ఆ తేడా తెలిసి ఉంటే 14.9 అన్న అంకె కనబడగానే ఇదే నా పెన్‌డ్రైవ్ అని మనసు కుదుటపడుతుంది. తక్కువగా కనబడటమే దాని ఆనవాలు.

అప్పుడు వేలు ఎంటర్ మీద ఆగుతుంది. వీధిలో పాలక్యాన్ల చప్పుడు, ఎవరింట్లోనో రేడియో, వేపచెట్టు మీద కాకుల తగవు, అన్నీ ఒక్కసారి స్పష్టంగా వినిపిస్తాయి. అవి అంతకుముందు కూడా ఉన్నవే. ఈ శ్రద్ధ భయం వల్ల వచ్చిందా? పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు కూడా ఇంత శ్రద్ధగా ఉండగలనా? అన్నం కలిపేటప్పుడు, ఎవరో చెప్పే మాట వింటున్నప్పుడు, చెరిగిపోతుందన్న భయం లేకుండా ఇంత మెలకువ ఉంటుందా? ఉండదనే నా అనుభవం. ఉన్నవాళ్లు ఉంటారేమో. అసలు ఆ వింటున్న మాట కూడా ఒకసారి పోతే తిరిగిరానిదే కదా, అప్పుడు భయం ఎందుకు రాదు?

కొత్త యంత్రాల్లో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. అది మొదటి సెక్టారులోని ప్రోగ్రామును పట్టించుకోదు. ఒక చిన్న భాగంలో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, అందులో బూట్ అనే ఫోల్డరు, అందులో ఫలానా పేరుగల ఫైలు ఉందా అని చూస్తుంది. భాగాల పట్టిక కూడా జీపీటీ అనే కొత్త రకం. పాతదానిలో నాలుగు వరుసలకే చోటుండేది, రెండు టెరాబైట్లు దాటిన నేలను కొలవలేకపోయేది. ఇందులో మామూలుగా 128 వరుసలుంటాయి. ఇంత హంగు చేసినా, యంత్రం మొదట తెరిచే ఆ భాగాన్ని మాత్రం ఫ్యాట్ అనే చాలా పాత పద్ధతిలోనే ఉంచారు. ఆ పద్ధతి 1977 నాటిది, ఇప్పుడు వాడే ఫ్యాట్32 రూపం 1996లో వచ్చింది. దానికి పరిమితులు చాలా. ఒక్కో ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. కరెంటు హఠాత్తుగా పోతే తట్టుకునే తెలివి దానికి లేదు. అయినా కెమెరా, టీవీ, ప్రింటరు, కారు స్టీరియో, ఎక్కడ పెట్టినా అవి దాన్ని చదవగలవు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఒక ఫైలు నాలుగు జీబీ దాటిపోవడంతో పెన్‌డ్రైవ్‌ను రెండు భాగాలు చేసి, రెండోదానిలో చిన్న ఫ్యాట్ భాగం పెట్టి, దాని ద్వారా లేచి, పెద్ద భాగంలోకి పోయే ఉపాయం రూఫస్‌లో చేశారు.

గొప్ప పనులు చేయలేనిదే మొదటి పలకరింపుకు మిగిలిందంటే నాకు సంతోషంగానే ఉంటుంది. అది చాలాకాలం నిలిచింది దాని మంచితనం వల్లనా, అందరూ అలవాటు పడటం వల్లనా అన్నది మాత్రం తేల్చలేను.

ఇదంతా చేతికందక ముందు, 2002లో, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ మా వైపు కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రయత్నం మొదలుపెట్టింది. ఊళ్లలో కేంద్రాలు పెట్టి కంప్యూటర్లు అందరికీ అందుబాటులోకి తేవాలని. అప్పట్లో కంప్యూటరు ఉన్న చోటికి మనిషి నడిచి పోయేవాడు. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం డెబియన్ ఆధారంగా, మెనూలతో సహా తెలుగులో కనిపించే లైనక్స్‌ను తయారుచేసింది. సరిహద్దుకు అవతల, తమిళనాడు 2011 నుంచి పిల్లలకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే, సీ-డ్యాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా ఉండేది. ఒకే డిస్కులో రెండు భాగాలు, ఆన్ చేయగానే ఎటు పోదామని ఒక ప్రశ్న. చాలామంది పిల్లలు ఒకవైపే పోయి ఉంటారు. రెండోది తెరవని గదిగా ఎన్నేళ్లు ఉందో.

ఇప్పుడు లైనక్స్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో ఇమిడి చొక్కా జేబులో పడుతుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చి, ఎఫ్12 నొక్కి, ఇక్కడి నుంచి లే అని చూపిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే లేస్తుంది. ముందే ఎంచుకోమంటుంది, ఇన్‌స్టాల్ చేయాలా, ఊరికే చూడాలా అని. ఊరికే చూడటం అన్నదే నాకు నచ్చుతుంది. మనం చేసే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. తెర మీద తెలుగు అక్షరాలు వస్తాయి, బొమ్మలు గీయవచ్చు, ఉత్తరం రాయవచ్చు. ఆపేస్తే అన్నీ పోతాయి. మళ్లీ లేచినప్పుడు అది మొదటి రోజే.

ఒక అమ్మాయి అలా గీసిన బొమ్మ పోయిందని బాధపడింది. ఆమెకు పర్సిస్టెన్స్ అనే ఏర్పాటు చేసి ఇచ్చాను. పెన్‌డ్రైవ్‌లో ఇంకో భాగం చేసి, మారినవన్నీ అందులో దాచుకోమని చెప్పడం. ఆమె తృప్తిగా వెళ్లింది. ఆమె వెళ్లాక నాకు కాసేపు ఏదో తెగని ఆలోచన. ఏమీ మిగలదన్నప్పుడు ఆమె తోచినట్టు గీసింది, రంగుల మీద రంగులు పూసింది. ఇక మీదట చెరపడం, దిద్దడం మొదలుపెడుతుంది. దాచుకునే చోటు దొరికాక ఆట తగ్గుతుందా? తగ్గినా, దాచుకోవడం చెడ్డదని ఎలా అనగలం? నేను మా నాన్న చేతిరాతతో ఉన్న లెక్కల పుస్తకం ఇప్పటికీ దాచుకునే ఉన్నాను.

జీపీటీ పద్ధతిలో ఒక విశేషం ఉంది. పట్టికను మొదట్లో ఒకసారి రాసి, డిస్కు చిట్టచివర దాని నకలు ఇంకొకటి పెడుతుంది. మొదటిది పాడైతే రెండోది ఆదుకుంటుంది. మూడు జీబీల డిస్కు ఇమేజ్‌ను, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా మలిచినదాన్ని, అలా తయారుచేసి, దాన్ని 16 జీబీల పెన్‌డ్రైవ్ మీద ఉన్నదున్నట్టు రాస్తే, ఆ నకలు చివర ఉండదు. మూడో జీబీ దగ్గర, మధ్యలోనే ఉండిపోతుంది. తాను ఉన్నచోటే డిస్కు అంచు అనుకుంటుంది. దాని అవతల ఇంకా పన్నెండు, పదమూడు జీబీల బయలు ఉంది.

పార్టెడ్ అనే ప్రోగ్రాముతో ఆ పెన్‌డ్రైవ్‌ను తెరిస్తే అది ఒక మాట చెబుతుంది. అందుబాటులో ఉన్న చోటంతా వాడుతున్నట్టు లేదని, కావాలంటే పట్టికను సరిచేసి మొత్తం వాడుకోవచ్చని, లేదా ఇప్పుడున్నట్టే కొనసాగవచ్చని. కింద రెండు జవాబులు, ఫిక్స్, ఇగ్నోర్.

సరిచేస్తే నష్టమేమీ లేదు. నకలు అసలైన అంచుకు పోతుంది, మిగిలిన చోటులో ఇంకో భాగం చేసుకోవచ్చు, పాటలు పెట్టుకోవచ్చు. వదిలేసినా పెన్‌డ్రైవ్ మామూలుగానే లేస్తుంది, కావలసిన పని చేస్తుంది, ఆ పన్నెండు జీబీల సంగతి యంత్రం ఎత్తనే ఎత్తదు. పక్కింటి కుర్రాడు ఎప్పుడూ ఫిక్స్ కొడతాడు. అంత చోటు ఊరికే పడి ఉంటే వాడికి తోచదు, డబ్బు పెట్టి కొన్నది కదా తాతా అంటాడు. వాడి మాటా సబబే. నేను ఎక్కువగా ఇగ్నోర్ అనే కొడతాను. కొట్టి, అది తృప్తి వల్లనా, ముసలితనపు బద్ధకం వల్లనా అని ఆలోచిస్తూ ఉంటాను. ఈలోగా ల్యాప్‌టాప్ లేచి, ఏ భాష కావాలని అడుగుతుంది.